కృష్ణాపురము నుండి విజయవాడ వరకు: కతోలిక విద్యాసంప్రదాయమున తెలుగు

1. ప్రస్తావన

కతోలిక విశ్వవిద్యాలయ మనినంతనే లూవేను, రోము, వాషింగ్టను నగరములు తలపునకు వచ్చుట సహజము. లూవేను విద్యాపీఠము 1425లో అయిదవ మార్టిన్ పోపు అనుజ్ఞతో నెలకొన్నది. రోములో యేసుసభవారు 1551లో ప్రారంభించిన కళాశాల కాలక్రమమున గ్రెగోరియన్ విశ్వవిద్యాలయముగ పరిణమించినది. వాషింగ్టనులోని అమెరికా కతోలిక విశ్వవిద్యాలయము 1887లోను, టోక్యోలోని సోఫియా 1913లోను వెలసినవి. మన దేశమున విశ్వవిద్యాలయము అను పేరుతో యేసుసభవారి సంస్థలు నెలకొనుట ఇటీవలి మాట. కలకత్తాలోని సెయింట్ జేవియర్స్ విశ్వవిద్యాలయము 2017 నాటిది. బెంగుళూరిలోని సెయింట్ జోసఫ్స్ 2022లో విశ్వవిద్యాలయ మైనది. తెలుగునాట ఈ సంప్రదాయమును మోసినవి కళాశాలలు. వానిలో ప్రసిద్ధమైనది విజయవాడలోని ఆంధ్ర లయోలా కళాశాల.

ఒక విద్యాసంస్థ చరిత్రను వ్రాయువారు సాధారణముగ శంకుస్థాపన దినముతో ఆరంభించి, భవనములను, విభాగములను, ఉత్తీర్ణుల సంఖ్యను వరుసగ పేర్కొందురు. ఆ పద్ధతి ననుసరించినచో ఆంధ్ర లయోలా చరిత్ర 1953తో మొదలగును. కాని ఆ కళాశాల ఏ విద్యాసంప్రదాయమునకు వారసురాలో, ఆ సంప్రదాయమునకు తెలుగుభాషతో అంతకు రెండున్నర శతాబ్దములకు ముందే గాఢమైన సంబంధము కలదు. ఆ సంబంధ మెట్టిది, అది ఎట్లు తెగినది, తెగిన పిదప తెలుగునకు దక్కిన స్థాన మేమి అను మూడు ప్రశ్నలను ఈ వ్యాసమున పరిశీలింతును.

2. రెండు విద్యాపద్ధతులు

యేసుసభ 1540లో పోపు ఆమోదమును పొందినది. ఆ సభవారి కళాశాలలన్నిటికిని వర్తించు పాఠ్యవిధానము 1599లో స్థిరపడినది. అందు తొలిమెట్టు వ్యాకరణము, పిదప కావ్యము, అలంకారశాస్త్రము, ఆపైని తర్కాది దర్శనములు, చివర మతతత్త్వశాస్త్రము. గురువు పాఠమును ముందుగ విప్పిచెప్పుట, శిష్యులు దానిని మరల మరల వల్లించుట, నియతదినములందు వాదప్రతివాదములు సలుపుట ఆ విధానమునకు అంగములు.

ఈ వివరములు మన సంప్రదాయమెరిగిన వారికి క్రొత్తగ తోపవు. అమరకోశమును, శబ్దరూపములను కంఠస్థము చేయించి, కావ్యపాఠమునకు పంపి, పిదప తర్క వ్యాకరణ మీమాంసాదులలో ఒకదానిని చెప్పుట మన పండితుల క్రమము. చదివినదానిని సభలో వాదమున నిలుపుకొననిచో అది చదువనిపించుకొనదు. లక్ష్యములు వేరైనను, వ్యాకరణము సర్వవిద్యలకు ద్వారమను విశ్వాసము ఇరువురకు సమానము. ఐరోపానుండి వచ్చిన మతాచార్యు డొకడు తెలుగు పండితుని ముందు పలకపట్టి కూర్చుండగలుగుటకు ఈ సామ్యము తోడ్పడెనని నా అభిప్రాయము. వ్యాపారికి భాష బేరమునకు సరిపడునంత చాలును. ఈ శిక్షణలో పెరిగినవానికి మాత్రము వ్యాకరణము తెలియనిదే భాష వచ్చినట్లు కాదు.

3. మధురలో తెలుగు గురువు

ఇటలీ దేశీయుడగు రాబర్టు ది నోబిలి 1606లో మధుర చేరెను. అప్పటి మధురను పాలించినవారు నాయకరాజులు; వారి ఆస్థానమున తెలుగునకు గొప్ప గౌరవముండెను. నోబిలి సన్న్యాసివేషమును ధరించి, శాకాహారియై, తమిళమును, తెలుగును, సంస్కృతమును నేర్చెను. ఆయనకు సంస్కృతము నేర్పిన శివధర్ముడు తెలుగు బ్రాహ్మణుడు. అన్యదేశీయునకు శాస్త్రములు చెప్పుట ఆనాటి ఆచారమునకు ఎంత విరుద్ధమో ఊహింపవచ్చును. ఐరోపీయులలో తొలితరపు సంస్కృతజ్ఞుడుగ నోబిలి పేరు చెప్పునపుడు ఈ తెలుగు గురువు పేరును కూడ చెప్పుట న్యాయము.

మధురలో వేర్వేరు గురువులకడ చదువుకొను విద్యార్థులు పదివేలకు పైబడి యుండిరని నోబిలి 1610లో తనవారికి వ్రాసెను. ఆ సంఖ్య ఎంతవరకు సరియైనదో నిర్ణయించుట కష్టమైనను, రోమునందలి మహాకళాశాల నెరిగినవాడు మధుర విద్యార్థిసమూహమును చూచి, ఇదియు నొక విశ్వవిద్యాలయమే యని గుర్తించుట గమనింపదగిన విషయము. ఈ సంప్రదాయమునకును తెలుగునకును గల సంబంధ మిట్లు శిష్యభావముతో మొదలైనది.

4. కర్ణాట మిషను: తెలుగు వ్యాకరణములు, నిఘంటువులు

పదునెనిమిదవ శతాబ్దారంభమున ఫ్రెంచి యేసుసభవారు పుదుచ్చేరి నుండి వాయవ్యముగ సాగి, పుంగనూరు, చిక్కబళ్ళాపురము, కృష్ణాపురము, బుక్కపట్టణము మున్నగు స్థలములలో నివాసములు ఏర్పరచుకొనిరి. దీనికి కర్ణాట మిషను అని పేరు. పేరు కర్ణాటమైనను, అందలి ప్రధాన వ్యవహారభాష తెలుగు. అక్కడ కళాశాలాభవనము లేదు, పట్టములు లేవు. కాని గురువు, శిష్యుడు, గ్రంథము, చర్చ అను నాలుగును విద్యాపీఠమునకు లక్షణములైనచో అవి అక్కడ ఉండినవి.

ఈ మిషనుకు చెందిన పియెర్ ద లా లాన్ తెలుగు వ్యాకరణమును, నిఘంటువును కూర్చెను. జాన్ కాల్మెత్ వేదముల వ్రాతప్రతులను సంపాదించి పారిసు రాజగ్రంథాలయమునకు పంపెను. వీరందరిలో భాషాశాస్త్ర చరిత్రకు ముఖ్యుడు గాస్తోన్ కూర్దూ. ఆయన 1691లో ఫ్రాన్సులోని బూర్జ్ పట్టణమున జన్మించి, 1732లో మన దేశమునకు వచ్చి, తెలుగు ప్రాంతమున పెక్కేండ్లు పనిచేసి, 1779లో పుదుచ్చేరిలో మరణించెను. తెలుగు, ఫ్రెంచి, సంస్కృత భాషల నిఘంటు వొకటి ఆయన పేర వ్రాతప్రతిగ పారిసులోని ఫ్రెంచి జాతీయ గ్రంథాలయమున నిలిచియున్నది. ఆయన పండితులకడ మాత్రమే నేర్చినవాడు కాడు. నూలువస్త్రములపై రంగులు వేయు అద్దకపువారి పనిని వారినే అడిగి తెలిసికొని, కరక్కాయ నీటిలో ముంచుట మొదలు రంగు నిలుచువరకు గల క్రమమును 1742లో ఒక లేఖగ వ్రాసి పంపెను. ఫ్రాన్సులోని వస్త్రపరిశ్రమకు ఆ లేఖ ఉపకరించినది.

1767లో కూర్దూ పారిసులోని శాసన సాహిత్య పరిషత్తునకు ఒక ప్రశ్న పంపెను. సంస్కృతమున ఇన్ని పదములు లాటిను గ్రీకు భాషాపదములతో, అందును లాటినుతో, సరిపోలుటకు కారణమేమి? దానమ్ అను పదమునకు లాటినున దోనుమ్, విధవా అను పదమునకు విదువా కలవు. పదములే కాక, ఉనికిని తెలుపు అస్ ధాతువు రూపములు కూడ లాటిను రూపములతో జతపడుచున్నవని ఆయన చూపెను. వర్తకమువలన గాని, ఇరుగుపొరుగువలన గాని, దండయాత్రలవలన గాని ఇట్టి సామ్యము కలుగదని ఒక్కొక్క కారణమును త్రోసిపుచ్చి, ఈ భాషలకు మూలమొక్కటియే యని నిర్ణయించెను. ఆ మూలమును బైబులు కథలోని జాతులకు ముడిపెట్టుట ఆయన కాలపు పరిమితి. కాని వాదక్రమము నేటికిని అంగీకరింపదగినదే. విలియము జోన్సు కలకత్తాలో ఇట్టి అభిప్రాయమును వెలిబుచ్చినది 1786లో. అనగా పందొమ్మిది యేండ్ల తరువాత.

ఇక్కడ ఒక అంశము తెలుగువారమగు మనము ప్రత్యేకముగ ఆలోచింపదగియున్నది. దానము, విధవ అను పదములు తెలుగునందును కలవు. తెలుగు మాత్రమే వినినవానికి ఇవి తెలుగుమాటలే. ఇవి సంస్కృతమునుండి వచ్చినవి, ఇల్లు, నీరు, చేయి అను మాటలు అట్లు రాలేదు అను వివేకము కలిగిననే గాని కూర్దూ పోల్చిన పోలికకు తావు లేదు. ఆ వివేకమును మన వ్యాకర్తలు తత్సమ, తద్భవ, దేశ్య విభాగముగ చిరకాలముక్రిందటనే ఏర్పరచియుండిరి. తెలుగును పండితులకడ నేర్చినవానికి ఆ విభాగము పాఠముతోపాటే అందియుండును. ఇది నా ఊహ. అయినను, తరువాతి చరిత్ర దీనిని బలపరచుచున్నది. 1816లో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిసు, కాంబెల్ తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికాభాగమున, దక్షిణదేశభాషలు సంస్కృతజన్యములు కావని నిరూపించుటకు మామిడి వెంకయ్యగారి ఆంధ్రదీపికలోని ఈ విభాగమునే ఆధారముగ గైకొనెను. ఆ విభాగము ఎల్లిసు వాదమునకు ఆధారమైనది. తెలుగుదేశపు శిష్యరికమునుండి కూర్దూ ప్రశ్న పుట్టినది.

5. తెగిన గొలుసు

ఈ విద్య ఎందులకు నిలువలేదు? కారణములు మూడు. స్థానికాచారముల ననుసరించుటపై చెలరేగిన వివాదమును 1744లో పదునాలుగవ బెనెడిక్టు పోపు కఠినశాసనముతో ముగించెను. సన్న్యాసివేషముతో పండితులనడుమ మెలగు పద్ధతికి దానితో బలము తగ్గినది. అదే కాలమున ఆంగ్ల ఫ్రెంచి యుద్ధములు కర్ణాటకసీమను అల్లకల్లోలము చేసెను. చివరకు ఫ్రాన్సు 1764లో యేసుసభను నిషేధింపగా, 1773లో పదునాలుగవ క్లెమెంటు పోపు ఆ సభనే రద్దుచేసెను. కూర్దూ తన సభ నశించిన పిదప ఆరేండ్లు బ్రదికెను. ఆయన 1767 నాటి లేఖ 1808లో గాని అచ్చుపడలేదు. అప్పటికి ఆయన చెప్పినది ఇతరుల పేర ప్రసిద్ధికెక్కియుండెను.

గ్రంథములు వ్రాతప్రతులుగనే మిగిలినవి, శిష్యపరంపర లేకపోయినది. మంగళగిరి ఆనందకవి వేదాంతరసాయనము వంటి క్రైస్తవ పద్యకావ్యము పదునెనిమిదవ శతాబ్దమున పుట్టుట ఆనాటి వాతావరణమునకు సాక్ష్యము. కాని 1814లో యేసుసభ పునరుద్ధరింపబడి మరల మన దేశమునకు వచ్చునప్పటికి లోకమే మారినది.

6. ఆంగ్లము రాజ్యమేలిన శతాబ్దము

పందొమ్మిదవ శతాబ్దమున కోస్తా తెలుగుసీమకు వచ్చినవారు వేరొక సభవారు. సవాయ్ ప్రాంతపు ఆన్నెసీనుండి సెయింట్ ఫ్రాన్సిస్ ది సేల్స్ సభ గురువులు 1846లో విశాఖపట్నము చేరిరి. సెయింట్ జోసఫ్ సభ కన్యలు 1849లో వచ్చిరి. విశాఖపట్నము కేంద్రముగ 1850లో ఏర్పడిన వికారియేటు ఎంత విశాలమైనదనగా, తూర్పున సముద్రతీరము, పడమట నాగపురము దాని మేరలు. నేటి ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూరు ప్రాంతమును ఆ మండలములోనిదే. నాగపురము 1887లో ప్రత్యేక మేత్రాసనమైనది. రాయపూరు 1964లో వేరు పాలనామండలమై, 1973లో మేత్రాసనము, 2004లో అగ్రపీఠము అయినది. రాయపూరున రవిశంకర విశ్వవిద్యాలయము స్థాపింపబడినదియు 1964లోనే.

ఈ భౌగోళిక వివరమునకు మన విషయముతో సంబంధమున్నది. తెలుగు, ఒడియా, మరాఠీ, ఛత్తీస్‌గఢీ, గోండీ భాషలు వ్యవహరింపబడు ఒక్క మండలమునకు కొలదిమంది గురువులు. పట్టణములలో వారి పాఠశాలలకు తొలుత వచ్చిన పిల్లలలో సైనికుల, ఐరోపీయోద్యోగుల సంతానము హెచ్చు. అందువలన ఆంగ్లము పాఠశాలాభాష యగుటకు దేశభాషలపై చిన్నచూపు ఒక్కటే కారణమనుట సరికాదు. 1854 నాటి విద్యాశాసనముతో సహాయద్రవ్యవిధానము వచ్చెను. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము ఏర్పడెను. పరీక్ష ఆంగ్లమున, ఉద్యోగము ఆంగ్లమున, ప్రభుత్వ సహాయము ఆ పరీక్షలో ఉత్తీర్ణులైనవారిని బట్టి. యేసుసభవారు 1844లో నాగపట్టణమున స్థాపించి, 1883లో తిరుచిరాపల్లికి మార్చిన సెయింట్ జోసఫ్స్ కళాశాలయు, 1925లో మద్రాసున స్థాపించిన లయోలా కళాశాలయు ఈ చట్రములోనే వర్ధిల్లినవి. నోబిలివారి సభ ఇప్పుడు గురుపీఠమెక్కినది. దేశభాష పాఠ్యప్రణాళికలో ద్వితీయభాషా పత్రమైనది.

7. ఆంధ్ర లయోలా, సోదర కళాశాలలు

ఆంధ్రరాష్ట్ర మవతరించిన 1953లోనే, తెలుగునాటి కతోలిక పీఠాధిపతుల కోరికపై యేసుసభవారు విజయవాడలో ఆంధ్ర లయోలా కళాశాలను స్థాపించిరి. 1954లో బోధన ఆరంభమైనది. ఆ దశాబ్దమును, తరువాతి కొలదియేండ్లును కతోలిక ఉన్నతవిద్యకు మంచి ఋతువు. ఏలూరు సెయింట్ థెరిసా కళాశాల 1953లో, విశాఖపట్నపు సెయింట్ జోసఫ్స్ 1958లో, హైదరాబాదు సెయింట్ ఫ్రాన్సిస్ 1959లో, విజయవాడ మారిస్ స్టెల్లా 1962లో, తెనాలి జె.ఎం.జె. 1963లో వెలసినవి. ఈ అయిదును స్త్రీల కళాశాలలగుట విశేషము. పల్లెటూళ్ళ కుటుంబములు ఆడపిల్లను పట్టణమునకు పంపుటకు జంకు దినములలో, ప్రాంగణములోనే వసతి, నియమబద్ధమైన దినచర్య, స్త్రీలే అధ్యాపకులుగ నుండుట వారికి ధైర్యమిచ్చినవి. ఈ సేవను తక్కువచేయుట కృతఘ్నత యగును.

ఆంధ్ర లయోలా తొలుత ఆంధ్ర విశ్వవిద్యాలయమునకును, పిదప 1976లో ఏర్పడిన నాగార్జున విశ్వవిద్యాలయమునకును, అనంతరము 2008లో వెలసిన కృష్ణా విశ్వవిద్యాలయమునకును అనుబంధమైనది. 1988లో స్వయంప్రతిపత్తి లభించినది. ఈ చివరి విషయము మనకు ముఖ్యము. అనుబంధ కళాశాలకు పాఠ్యప్రణాళిక పైనుండి వచ్చును. స్వయంప్రతిపత్తిగల కళాశాల తన పాఠ్యప్రణాళికను తానే కూర్చుకొనగలదు. అందుచేత 1988 తరువాత తెలుగునకు ఇచ్చు స్థానము పెద్దపాలు కళాశాల స్వంత నిర్ణయమే.

నడుమ తెలుగునకు అనుకూలించిన పరిణామములును లేకపోలేదు. రెండవ వాటికను మహాసభ 1963లో పూజావిధియందు దేశభాషలకు చోటిచ్చెను. అంతవరకు లాటినున వినబడిన ప్రార్థన తెలుగున వినబడసాగెను. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి కళాశాలలకు తెలుగు పాఠ్యగ్రంథములను సిద్ధపరచెను. గుడిలోనికి తెలుగు వచ్చెను; తరగతిలోనికి కొంతమేర వచ్చెను. పరిశోధనలోనికి, కృష్ణాపురము నాటి స్థాయిలో, మరల రాలేదు.

8. విమర్శ, కర్తవ్యము

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. ఆ పూర్వపు గురువులు తెలుగు నేర్చినది మతప్రచారమునకు గదా, దానిని విద్యాదర్శముగ చెప్పుట తగునా యని. వారి ఉద్దేశ్యము మతప్రచారమే, దాచవలసిన పనిలేదు. వారికి చదువు చెప్పిన పండితులలో శివధర్ముని వంటి ఒకరిద్దరి పేర్లు దక్క తక్కినవారివి చరిత్రకెక్కలేదు; అది వారి లోపము. అయినను, ఉద్దేశ్యమును మించి ఫలించిన విద్య యొకటి అక్కడ పుట్టినది. దానిని ఆ సభ విద్యాలయములు తమ వారసత్వముగ చెప్పుకొనలేదు. మన తెలుగు శాఖలును తమ చరిత్రలో చేర్చుకొనలేదు. ఇరుపక్షములవారును విడిచిన ఆస్తి పారిసులో పడియున్నది.

నేటి పరిస్థితిని చూడుడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2021-22 విద్యాసంవత్సరము నుండి డిగ్రీ చదువులను ఆంగ్లమాధ్యమమునకు మార్చ నిశ్చయించినది. ఇంటరు తరగతులలో తెలుగు బిడ్డలు ద్వితీయభాషగ తెలుగును వదలి సంస్కృతమును కోరుకొనుట సర్వసాధారణమైనది. సంస్కృతమునందలి అనురక్తిచేత కాదు, అందు మార్కులు సులభముగ వచ్చునని. కూర్దూ తెలుగుసీమలో తెలుగును, సంస్కృతమును రెంటిని ఓర్పుతో నేర్చి, వాని భేదమునుండి లోకమునకొక సత్యమును కనుగొనెను. మన విద్యార్థి రెంటిని విడిచి మార్కుల పట్టికతో బయటపడుచున్నాడు. ఇందు అతని తప్పు తక్కువ. మనము అతని కిచ్చిన ప్రణాళిక తప్పు ఎక్కువ.

చేయదగిన పనులు కష్టసాధ్యములు కావు. కూర్దూ పేరనున్న నిఘంటువును, లా లాన్ వ్యాకరణమును పరిష్కరించి ప్రకటించుట మొదటిది. బ్రౌను నిఘంటువు 1852 నాటిది. దానికి దాదాపు శతాబ్దము ముందటి రాయలసీమ వాడుకమాటలను వెదకుటకు ఈ వ్రాతప్రతులు తగిన తావులు. ఈ పనికి తెలుగు, సంస్కృతము, ప్రాచీన ఫ్రెంచి తెలిసినవారు ముగ్గురు నలుగురు కలసి కూర్చుండవలెను. మన విశ్వవిద్యాలయముల తెలుగు శాఖలకు భాషాపాండిత్యమున్నది. పుంగనూరునకు దూరముకాని కుప్పమున 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయమునకు ఇది స్వస్థలవిషయము. స్వయంప్రతిపత్తిగల కతోలిక కళాశాలలకు ఐరోపా గ్రంథాలయములతో సంబంధములున్నవి. ముగ్గురును ఒక్క పనికి చేయి కలుపుటకు ఇంతకంటె సహజమైన సందర్భము కానరాదు. రెండవది, ఆ కళాశాలల తెలుగు తరగతులలో ఈ చరిత్రను ఒక పాఠముగ చేర్చుట. తాను చదువుచున్న భాషలోని మాటలు 1767లో ఒక మహాచర్చకు కారణమైనవని తెలిసిన విద్యార్థికి, దానము, విధవ అను మాటలు వట్టి పరీక్షాపదములుగ తోపవు.

విశ్వవిద్యాలయము అను పేరు శాసనముచేత వచ్చును. ఆ పేరునకు తగిన పని పేరుతోపాటు రాదు. భవనము లేని కృష్ణాపురమున ఆ పని జరిగినదని, భవనములున్న చోట ఇకముందు జరుగవలసియున్నదని ఈ పరిశీలన తేల్చుచున్నది. తెలుగునకు పరీక్షలో ఒక పత్రము దక్కినంత మాత్రమున ఋణము తీరదు. తెలుగు పండితునిముందు మరల శిష్యుడై కూర్చుండు అధ్యాపకుడు ఒక్కడైనను ప్రతి కళాశాలలో ఉండవలెను. శివధర్ముని విద్యకు తగిన గురుదక్షిణ అదియే.